కొలువులో సిపాయి బొమ్మ: కాల నిర్ణయం

తిరుపతిలోనో చిత్తూరులోనో దసరా కొలువు కోసం పాత పెట్టె తెరిచినప్పుడు, ఎర్రచందనం బొమ్మల మధ్య వేలెడంత లోహపు సిపాయి ఒకడు మీకు దొరికాడనుకోండి. ఎర్ర కోటు, తలపాగా, భుజాన తుపాకి. ఇంట్లో ఎవరికీ వాడి సంగతి తెలియదు. చరిత్ర విద్యార్థిగా మీరు దీన్ని ఏ కాలానిదని చెబుతారు?

చాలామంది ముందు దుస్తులు చూస్తారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఈ ప్రాంతంలో చాలా భాగం మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. మద్రాసు సిపాయిలు ఎర్ర కోటు తొడిగేవారు. 1895లో ప్రెసిడెన్సీ సైన్యాలను రద్దు చేశారు. కాబట్టి బొమ్మ అంతకు ముందుదే అని రాసేయాలనిపిస్తుంది. తొందరపడకండి. హైదర్ అలీ 1782లో చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట వద్ద మరణించాడు. ఆయన సైనికుడి బొమ్మను ఈరోజు కూడా పోత పోయవచ్చు. దుస్తులు చెప్పేది సిపాయి కాలం, బొమ్మ కాలం కాదు.

బొమ్మ కాలాన్ని పదార్థం చెబుతుంది. చేతిలో పట్టుకుని చూడండి. పరిమాణానికి తగ్గ బరువు లేకపోయినా, ఎక్కడైనా చిన్న రంధ్రం కనిపించినా అది గుల్ల పోత సీసం కావచ్చు. ఈ పద్ధతిని లండన్‌లోని బ్రిటన్స్ కంపెనీ 1893లో ప్రారంభించింది. మద్రాసు పదాతి దళం బొమ్మలను కూడా ఆ కంపెనీ అమ్మింది. సీసపు సైనికుల తయారీని 1966లో మానుకుంది. కనుక గుల్ల పోత అని తేలితే 1893కు పూర్వపు తేదీ నిలవదు. గట్టి పోత బొమ్మలు జర్మనీలో విరివిగా తయారయ్యేవి. రంపపు పొట్టును జిగురుతో కలిపి తీగ చట్రం మీద చేసిన ఎలాస్టోలిన్ సైనికులూ అక్కడివే.

పీఠం అడుగున సంవత్సరం ఉంటే సంతోషించే ముందు ఆగండి. బ్రిటన్స్ బొమ్మల మీద కనిపించే తేదీ సాధారణంగా నమూనాపై హక్కు పొందిన తేదీ. అదే అచ్చును దశాబ్దాల పాటు వాడేవారు. అంటే ఒకే బొమ్మలో మూడు కాలాలుంటాయి: సిపాయిది, అచ్చుది, పోతది. మీ వ్యాసంలో వీటిని విడివిడిగా రాయండి.

మరొక మాట. కొలువు ముందు ఇత్తడి సామానుతో పాటు ఈ సిపాయిని కూడా చింతపండుతో తోమారంటే రంగు పోతుంది, పులుపు సీసాన్ని తింటుంది, సాక్ష్యం తుడిచిపెట్టుకుపోతుంది. కొత్త రంగు వేసినా అంతే నష్టం. మెత్తని పొడి గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. సీసం విషం కనుక తాకిన తరువాత చేతులు కడుక్కోండి, పిల్లలకు ఇవ్వకండి. బొమ్మ ఏ పెట్టెలో, ఏ బొమ్మల పక్కన దొరికిందో అదే రోజు రాసిపెట్టుకోండి. ఆ పెట్టె ఎవరి పుట్టింటి నుంచి వచ్చిందో ఇంట్లో పెద్దామెను అడగండి.