పాత టీవీ, చెడిపోయిన ఫోన్: ఎవరి చేతికి ఇవ్వాలి?

కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచే వస్తువు పనికిరాకుండా పోతే అది ఇ-వ్యర్థం. ఫోన్, ఛార్జర్, టీవీ, మిక్సీ, ఫ్యాన్, ఫ్రిజ్, ట్యూబ్‌లైటు అన్నీ ఇందులోకే వస్తాయి. వీటిని కొనే చోటును కర్ణాటకలో గుజరి అంటారు, తమిళనాట కాయలాన్ కడ అంటారు, మహారాష్ట్రలో భంగార్ దుకాణం అంటారు. పేరు ఏదైనా పద్ధతి ఒకటే. తూకం వేసి చేతిలో డబ్బు పెడతారు. ఆ తర్వాత వస్తువు ఎక్కడికి పోతుందన్నదే అసలు ప్రశ్న.

తూకం తర్వాత

సర్క్యూట్ బోర్డుల్లో రాగితో పాటు కొద్దికొద్దిగా బంగారం, వెండి, పల్లాడియం ఉంటాయి. అనుమతి లేని చోట్ల రాగి కోసం తీగలను కాలుస్తారు, బంగారం కోసం బోర్డులను యాసిడ్‌లో ముంచుతారు. తీగ మీది పీవీసీ కాలితే డయాక్సిన్ల వంటి విషాలు గాలిలో కలుస్తాయి. పాత డబ్బా టీవీల గాజులో సీసం, ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటాయి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఢిల్లీలోని సీలంపూర్, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ ఈ పనికి పేరుపడ్డాయి. మనకు తూకంలో వచ్చే నాలుగు రూపాయల అసలు ఖరీదును అలాంటి చోట్ల కూలీల కుటుంబాలు ఆరోగ్యంతో చెల్లిస్తున్నాయి.

ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతటా 6.2 కోట్ల టన్నుల ఇ-వ్యర్థం పోగైంది. అందులో సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైనది 22.3 శాతమే.

బాధ్యత ఎవరిది?

మన దేశంలో ఇ-వ్యర్థాలకు ప్రత్యేక నిబంధనలు తొలిసారి 2012 మే 1న అమల్లోకి వచ్చాయి. ఇప్పుడున్నవి 2022 నాటివి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్నాయి. గతంలో 21 రకాల వస్తువులకే వర్తించిన నిబంధనలు ఇప్పుడు 106 రకాలకు వర్తిస్తాయి.

వీటిలో ప్రధాన భారం వస్తువును తయారుచేసి లేదా దిగుమతి చేసుకుని అమ్మే కంపెనీదే. నిర్ణీత లెక్కలో 2023-24, 2024-25లకు 60 శాతం, తర్వాతి రెండేళ్లకు 70 శాతం, 2027-28 నుంచి 80 శాతం రీసైకిల్ చేయించాలి. అందుకు కంపెనీ మన గుమ్మానికి రానక్కర్లేదు. నమోదైన రీసైక్లర్ దగ్గర సర్టిఫికెట్లు కొంటే చాలు. వినియోగదారుల ఎలక్ట్రానిక్ వస్తువులకు కిలోకు కనీసం ₹22 చెల్లించాలని 2024లో కేంద్రం ధర కట్టింది. కొన్ని కంపెనీలు దాన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేశాయి. ఈ లెక్కలు ఎలా తేలినా, మన వస్తువు నమోదైన చోటికి చేరితేనే వాటికి అర్థం.

ఇంట్లో చేయదగినవి

• ముందు మరమ్మతు సంగతి చూడండి. విడిభాగాలు, సర్వీసు వివరాల కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది.

• కొత్తది కొనేటప్పుడు పాతది తీసుకుంటారా అని అడగండి. అది ఎక్కడికి పంపుతారో కూడా అడగండి.

• ఫోన్ ఇచ్చే ముందు సిమ్, మెమరీ కార్డు తీసి, ఖాతాల నుంచి లాగౌట్ అయి, ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. కంప్యూటర్ హార్డ్‌డిస్క్‌ను మామూలుగా ఫార్మాట్ చేస్తే సమాచారం పూర్తిగా చెరిగిపోదు.

• ఉబ్బిన బ్యాటరీని గుచ్చవద్దు, నొక్కవద్దు, చెత్తబుట్టలో వేయవద్దు. నిప్పు అంటుకోవచ్చు. ఇన్వర్టర్, వాహనాల బ్యాటరీలకు 2022 నాటి వేరే నిబంధనలు ఉన్నాయి. వాటిని అమ్మిన దుకాణానికే తిరిగి ఇస్తే కొత్తదాని ధరలో తగ్గింపు దొరుకుతుంది.

• రీసైక్లర్‌కు నమోదు ఉందో లేదో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో చూడవచ్చు. స్థానికంగా కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రల వారు తమ రాష్ట్ర మండలిని, యానాం వారు పుదుచ్చేరి కాలుష్య నియంత్రణ కమిటీని అడగాలి.

ఒక్క ఫోన్ కోసం రీసైక్లర్ బండి పంపడం కష్టం. వీధి వారంతా కలిసి, లేదా ఊళ్లోని తెలుగు సంఘం పూనుకుని, ఏడాదికి ఒకటి రెండు రోజులు పెట్టుకుంటే ఒక బండికి సరిపడా సామాను పోగవుతుంది. ఇచ్చినప్పుడు రసీదు తీసుకోవడం మరవవద్దు.