అగాపే

అగాపే అంటే ప్రతిఫలం ఆశించని ప్రేమ. కొత్త నిబంధన మూలభాష గ్రీకులోని పదం. మంచి సమరయుని ఉపమానంలో అది దారిలో ఎదురైన ఒక్క క్షతగాత్రుడికి చేసిన సేవ కాబట్టి, అది వ్యక్తిగత ధర్మమే తప్ప సామాజిక కార్యాచరణ కాదనే వాదన ఉంది. ఒంగోలు చరిత్ర ఈ విభజనను బలహీనపరుస్తుంది. 1876–78 కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకానికి కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి పని చూపాడు. వేలమంది ఆకలి ముఖపరిచయాలతో తీరేది కాదు. అయినా పని పర్యవేక్షించింది మిషన్ తెలుగు బోధకులే కావడంతో మనిషికీ మనిషికీ మధ్య మాట ఆగలేదు. కూలి మతమార్పిడికి ఎర అన్న అభ్యంతరానికి క్లౌ చర్యే కొంత సమాధానం: కరువు సాయం సాగినంతకాలం అతను బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాతే, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ విరామం ఎరను తొలగించింది గాని, కృతజ్ఞతను కాదు.