సురభి నాటకము: ఊరి పందిరినుండి నగర రంగస్థలమునకు



మీలో పెద్దవారు పలువురు సురభివారి నాటకమును కన్నులార చూచియుందురు. కోతలు, నూర్పిళ్ళు ముగిసి ఊరి చేతిలో నాలుగు డబ్బులాడు దినములలో ఊరి వెలుపల పెద్ద పందిరి లేచెడిది. తెరల చుట్టలు, పూసల కిరీటములు నిండిన పెట్టెలు, హార్మోనియము, వంటపాత్రలు, చంటిబిడ్డలతో తల్లులు, అందరును అన్నియు ఒక్కసారిగా దిగెడివారు. కొన్ని వారములో, ఆదరణ యున్నచో కొన్ని నెలలో అక్కడనే కాపురముండి, రాత్రికొక నాటకమాడి, మరల మరియొక ఊరికి సాగిపోవువారు. ఆ సురభివారు నేడెక్కడ నున్నారు? ఏమి చేయుచున్నారు? ఈ ప్రశ్నకు, హైదరాబాదు నగరమున నిలదొక్కుకొనిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి చరిత్రను ముఖ్యముగా గైకొని, నాకు తెలిసినంతవరకు సమాధానము చెప్పెదను.

సురభి యనునది మొదట ఒక ఊరి పేరు. కడప జిల్లాలో సొరుగు అను గ్రామము కలదు. దానికే సురభియని పేరు. 1885వ సంవత్సరమున ఆ గ్రామమున ఒక వివాహ సందర్భమున వనారస వంశమువారు కీచకవధ నాటకమాడిరి. వీరి పూర్వులు మహారాష్ట్ర దేశమునుండి వచ్చినవారు, తోలుబొమ్మలాట వృత్తిగా గలవారు. బొమ్మలాటలో ఆడించువాడు తెర వెనుక నుండును. మాటయు పాటయు వానివి, రూపము మాత్రము బొమ్మది. భారత రామాయణ కథలన్నియు అప్పటికే వారి నాలుకపై నున్నవి. తాళము వారి చేతిలో నున్నది. బొమ్మను ప్రక్కనబెట్టి తామే తెర ముందునకు వచ్చుట యొక్కటియే కొరత. ఆ రాత్రి ఆ కొరత తీరినది. ఆ వంశమున వనారస గోవిందరావుగారు ఈ క్రొత్త మార్గమునకు మూలపురుషుడై, 1953లో కన్నుమూయువరకు దానికి పెద్దదిక్కుగా నుండిరి.

నాటక సమాజములు తెలుగుదేశమున అనేకములు పుట్టినవి, అనేకములు గిట్టినవి. ఒక జమీందారుగారి ఆదరణ తప్పినను, ఒక ప్రధాన నటుడు అలిగి వెళ్ళినను సమాజము మూతపడెడిది. సురభికి ఆ గతి పట్టకపోవుటకు కారణము విచారించితిని. సురభి జీతముపై కూర్చిన సమాజము గాదు, అది ఒక కుటుంబము. నడక రాని బిడ్డ బాలకృష్ణుడై ఊయలలో పడుకొనును. ఐదేండ్ల వాడు లవుడో కుశుడో ప్రహ్లాదుడో యగును. వయసున అభిమన్యుడు, నడివయసున దుర్యోధనుడు, గొంతు తగ్గిన పిదప తెరత్రాడు పట్టువాడు. పద్యము చదువుట బడిలో నేర్చినది గాదు. తల్లి ఒడిలో విన్నది. కావున ఒకరు లేని నాడు ఇంకొకరు ఆ కిరీటము తలకెత్తుకొందురు.

కుటుంబమగుటచేతనే ఇంకొక గొప్ప మేలు కలిగినది. ఇతర సమాజములలో స్త్రీ పాత్రలను పురుషులే ధరించు కాలమున, సురభిలో ఆడువారే ఆడుపాత్రలను ధరించిరి. స్థానం నరసింహారావుగారి వంటి మహానటులు స్త్రీ వేషమున కీర్తి గడించిన మాట నిజమే. కాని రంగమెక్కిన స్త్రీని లోకము చులకనగా చూచు ఆ దినములలో, భర్త, మామ, తమ్ముడు ప్రక్కన నిలిచియుండగా ఇంటి కోడలు సీతయై, ద్రౌపదియై నిలిచుటకు సురభి పందిరి చోటిచ్చినది. ఈ కుటుంబమునుండి వచ్చిన సురభి కమలాబాయిగారే తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి పాత్ర ధరించిరి.

కుటుంబము పెరిగినకొలది సమాజములును పెరిగినవి. అన్నదమ్ములు వేరుపడినట్లే సమాజములు వేరుపడి, పదుల సంఖ్యలో దేశమంతట తిరిగినవి. అట్టివానిలో శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి 1937లో ఉత్తరాంధ్రమునందలి జిమిడిపేటలో వెలసినది. అప్పటికే మాటాడు సినిమా వచ్చియున్నది. అదే పౌరాణిక కథను, అవే మాయలను, తక్కువ ధరకు, ప్రతి పట్టణమునను సినిమా చూపసాగినది. పందిరి వేయుటకు స్థలపు అద్దె పెరిగినది, తెరలు మోయించు ఖర్చు పెరిగినది, టిక్కెట్టు కొనువారు తగ్గిరి. సమాజములు ఒక్కటొక్కటే ఆరిపోయి, నేడు వ్రేళ్ళపై లెక్కింపదగినన్ని మాత్రము మిగిలినవి.

ఇట్టి దశలో వేంకటేశ్వర మండలిని నడపిన రేకందార్ నాగేశ్వరరావుగారు, జనులు బాబ్జీగారని పిలుచువారు, సంచారమును మాని నగరమును ఆశ్రయించిరి. హైదరాబాదు పడమటి భాగమున శేరిలింగంపల్లిలో సురభి కుటుంబములకు ఒక కాలనీ ఏర్పడినది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులోని లలితకళాతోరణమున చాలకాలము వారాంతములందు నాటకములాడిరి. మాయాబజారు, పాతాళభైరవి, శ్రీకృష్ణలీలలు, వీరబ్రహ్మంగారి చరిత్ర మున్నగునవి నగర ప్రజలకు మరల పరిచయమైనవి.

నేను ఒకమారు తెర వెనుక నిలిచి వారి పనితనమును చూచితిని. ముందునుండి చూచువారికి ఆకాశమున నారదుడు తేలివచ్చును. వెనుక నలుగురు మనుష్యులు ఊపిరి బిగబట్టి త్రాటిని వదలుచుందురు. రెండు బాణములు గాలిలో ఢీకొని నిప్పులు రాలును. వెనుక బిగించిన సన్నని తీగయు, క్షణము తప్పక లాగు ఒక చేయియు కలవు. రాజసభ తెర లేచి అరణ్యము తెర దిగుటకు ఒక పద్యము పట్టునంత కాలమైనను పట్టదు. వీటిని వారు ట్రిక్కు సీనులందురు. ఇందలి అసలు యంత్రము నమ్మకమే. త్రాడు పట్టినవాడు అన్న, గాలిలో వ్రేలాడువాడు తమ్ముడు.

అయినను పాతకథలే ఆడుచు నుండిన ఈ కళ ఒక ప్రదర్శనశాల వస్తువగునన్న భయము లేకపోలేదు. ఆ భయమునకు 1990 దశకమున కొంత విరుగుడు దొరకినది. కన్నడ దేశపు ప్రఖ్యాత రంగస్థల దర్శకులు బి.వి. కారంత్ గారు సురభివారితో కలిసి పనిచేసి, భీష్మ, చండీప్రియ, బస్తీ దేవత యాదమ్మ అను నాటకములను సిద్ధపరచిరి. వీనిలో కడపటిది జర్మను నాటకకర్త బ్రెక్టు నాటకమునకు తెలుగు రూపము. దేవతలు ఒక మంచి మనిషిని వెదకుచు పేటకు వచ్చు కథ అది. శ్రీకృష్ణుని వేషము కట్టినవారే పేదల బస్తీ కథను ఆడి మెప్పించిరి. పద్యము పాడు గొంతు క్రొత్తమాటను గూడ పలుకగలదని తేలినది.

గౌరవములును వచ్చినవి. 2013లో నాగేశ్వరరావుగారికి పద్మశ్రీ లభించినది. ఆ సంవత్సరమే మండలి ఫ్రాన్సు దేశమందలి మెట్జ్ నగరమున తెలుగు నాటకము ప్రదర్శించినది. 2022లో వారు దివంగతులైరి. మండలి భారము తరువాతి తరముపై పడినది.

ఇప్పుడు అసలు చిక్కు చెప్పవలసియున్నది. నగరము సురభికి నిలువనీడ నిచ్చినది. బిడ్డలకు బడి నిచ్చినది. తల్లిదండ్రులు కోరినదియు అదియే. దానిని తప్పుపట్ట నెవరికిని హక్కు లేదు. కాని పగలంతయు చదువునకో ఉద్యోగమునకో వెళ్ళు బిడ్డ సాయంకాలము వచ్చి ముఖమునకు రంగు పూసికొనుట వేరు. పందిరిలోనే కన్నుతెరచి, అన్నము తినుచు పద్యము వినుట వేరు. పూర్వము రాత్రికొక నాటకమాడుటచే గొంతు పదునెక్కెడిది. నెలకు కొన్ని నాటకములైనచో ఆ పదును నిలుచునా? కుటుంబమే బడి యైన కళకు, కుటుంబపు నడక మారినప్పుడు బడి యెక్కడిది? సురభి బ్రదుకుట మాత్రమే చాలదు, ఏ రీతిని బ్రదుకుననునది ప్రశ్న. బిరుదులును ప్రభుత్వ ధనమును కొంత ఆదుకొనును గాని, ఎదుట కూర్చుండి, పద్యము నచ్చినచో మరల పాడుమని కేకవేయు ప్రేక్షకుని స్థానమును అవి పూరింపజాలవు.

ఈ పనిలో మీకును భాగము కలదు. సురభి నాటకములు పుస్తకమునుండి కన్న వినికిడి వలన నిలిచినవి. మీ ఊర ఏ యేట ఏ సమాజము దిగినది, ఏ నాటకము ఎన్ని రాత్రులాడినది, ఎవరు ఏ వేషము కట్టిరి, ఆ వివరములు పెక్కు చోట్ల మీ జ్ఞాపకమునందే కలవు. వానిని మీ మనుమలచేత వ్రాయింపుడు. పాత కరపత్రము పెట్టె అడుగున నున్నచో చెదలకు విడువకుడు. సురభివారు మీ ప్రాంతమునకు వచ్చినచో ఉచితపు చీటీ నాశింపక, టిక్కెట్టు కొని, పిల్లలను వెంటబెట్టుకొని ముందు వరుసను కూర్చుండుడు. నూట నలువది యేండ్ల క్రిందట సొరుగు గ్రామస్థులు ఒక పెండ్లిపందిరిలో కూర్చుండి చూచుటచేతనే ఈ కళ పుట్టినది. చూచువారున్నంత కాలము ఆడువారుందురు.

సెలవు.