వుల్ఫ్ వారియర్ దౌత్యం

'వుల్ఫ్ వారియర్' 2015 నాటి చైనా సినిమా. వూ జింగ్ హీరో, దర్శకుడూ ఆయనే. 2017లో రెండో భాగం అక్కడ వసూళ్ల రికార్డులు బద్దలు కొట్టింది. ఆ పేరే తర్వాత చైనా దౌత్యవేత్తలకు అంటుకుంది.

కారణం వారి గొంతు.

జాతి గౌరవం దగ్గర తగ్గేది లేదన్న బీజింగ్ ధోరణి రాయబారుల నోట కటువుగా పలికింది. కరోనాను వూహాన్‌కు తెచ్చింది అమెరికా సైన్యమే కావచ్చని 2020 మార్చిలో విదేశాంగ ప్రతినిధి జావో లిజియన్ ట్వీట్ చేశారు. ఆ నవంబరులో, ఆస్ట్రేలియా సైనికుడు అఫ్గాన్ పసివాడి గొంతుపై కత్తి పెట్టినట్టు కల్పించిన చిత్రాన్ని పోస్ట్ చేశారు. ఆస్ట్రేలియా ప్రధాని స్కాట్ మారిసన్ క్షమాపణకు పట్టుబట్టారు. స్వదేశంలో చప్పట్లు తెచ్చిన మాటలు బయట స్నేహాలను చెడగొట్టాయి. ఆ నష్టం చిన్నది కాదు.

2021 మేలో అధ్యక్షుడు షీ జిన్‌పింగే, చైనా ప్రపంచానికి నమ్మదగినదిగా, ప్రేమించదగినదిగా కనిపించాలని పార్టీ నేతలకు సూచించారు. 2023 జనవరిలో జావోను సరిహద్దు, సముద్ర వ్యవహారాల విభాగానికి మార్చారు.