కైశోరంలో మేధావికాసం: ధారణ నుండి విచారణకు

చీనాదేశపు బౌద్ధభిక్షువు ఇత్సింగ్ క్రీ.శ. 671లో సముద్రమార్గాన బయలుదేరి భారతదేశానికి వచ్చి, నలందలో దాదాపు 10 సంవత్సరాలు విద్యాభ్యాసం చేశాడు. ఈ దేశపు బాలుర వ్యాకరణాధ్యయన క్రమాన్ని ఆయన వయస్సులతో సహా నమోదు చేశాడు. 6వ ఏట వర్ణసమామ్నాయ పరిచయం, 8వ ఏట పాణినీయ సూత్రాలు, 10వ ఏట ఖిలగ్రంథాలు. సూత్రార్థాన్ని విమర్శించే జయాదిత్యుని వృత్తిని మాత్రం 15వ ఏట ఆరంభించేవారు. అది బోధపడడానికి 5 సంవత్సరాలు పట్టేదట.

సూత్రపఠనానికీ వృత్తిపఠనానికీ నడుమనున్న ఆ 7 సంవత్సరాల వ్యవధి యాదృచ్ఛికమని భావించడానికి వీలులేదు. 8 ఏండ్ల బాలుడు సూత్రాన్ని అస్ఖలితంగా ధరించగలడు. ఉత్సర్గమేది, అపవాదమేది, రెండు సూత్రాలు ఒకే స్థలంలో ప్రాప్తిస్తే ఏది బలీయం అనే విచారణకు మాత్రం అనేక విషయాలను ఏకకాలంలో మనస్సున నిలిపి తూచగల సామర్థ్యం కావాలి. నేడు కౌమారమని వ్యవహరింపబడుతున్న దశను వ్యాఖ్యాతలు కైశోరమన్నారు. 10 దాటి 15 వరకు దాని పరిమితి. ఆ దశ ముగిసే వేళకే వృత్తిని చేతికిచ్చారన్నమాట. గత శతాబ్దంలో స్విట్జర్లాండు మనస్తత్త్వవేత్త పియాజే కూడా ఊహను ఆధారం చేసుకొని తర్కించే శక్తి 11, 12 ఏండ్ల ప్రాంతంలో అంకురిస్తుందనే ప్రతిపాదించాడు.

వేదాధ్యయనంలో ఈ క్రమం మరింత సూక్ష్మం. గృహ్యసూత్రాలు ఉపనయనానికి వర్ణానుసారంగా 8, 11, 12 ఏండ్లను విధించాయి. (ఆ విద్య సమాజంలో కొందరికే పరిమితమైనదన్న సత్యాన్ని దాచవలసిన పనిలేదు.) గురువు సంథ చెబుతాడు, శిష్యుడు అనుసరించి పలుకుతాడు, అనంతరం వల్లెవేస్తాడు. ఆంధ్రదేశంలో విశేషంగా ప్రచారంలోనున్న తైత్తిరీయశాఖలో 50 పదాల ఖండానికి పనస అని పేరు. బాలుని ధారణశక్తికి తగిన పరిమాణమది.

ఇంతవరకు చూచినవారు దీనిని చిలుకపలుకుల చదువని ఆక్షేపిస్తారు. వారు పదపాఠం దాకా రాలేదు. సంహితలో కలిసిపోయిన పదాలను విడదీయడం పదపాఠం. క్రమపాఠంలో రెండేసి పదాలు జతపడతాయి. ఘనలో మూడు పదాలు ముందుకు, వెనుకకు తిరిగి 13 ఉచ్చారణలవుతాయి. పదాలు వ్యుత్క్రమంలో వచ్చినప్పుడు సంధి మారుతుంది, స్వరమూ మారుతుంది. నాలుక అలవాటు కొద్దీ పరుగెత్తితే అక్కడ తప్పు దొర్లక మానదు. సంహితాపాఠం స్మృతికి పరీక్ష అయితే ఘనపాఠం అవధానానికి పరీక్ష.

ఆ అవధానం అలసిపోతుందని ప్రాచీనులు ఎరుగుదురు. మనుస్మృతి ఉపాకర్మ తరువాత నాలుగున్నర మాసాలు వేదాధ్యయనం విధించి, ఉత్సర్జనానంతరం శుక్లపక్షాలలో వేదం, కృష్ణపక్షాలలో వేదాంగాలు చదువుమన్నది. అనధ్యయన దినాలు సరేసరి.

అయితే లోపం ప్రాచీనకాలంలోనే ప్రవేశించింది. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దినాటి పతంజలి మహాభాష్యారంభంలో వాపోయాడు: పూర్వం ఉపనయనానంతరం వ్యాకరణం నేర్చి తరువాత వైదికశబ్దాలను ఉపదేశం పొందేవారట, తన కాలంలో వేదం చదివీచదవగానే తొందరపడి, వ్యాకరణం నిష్ప్రయోజనమనేవారట. అర్థజ్ఞానం లేని అధ్యేతను యాస్కుడు బరువు మోసే స్తంభంతో పోల్చాడు. కంఠస్థం చేయడం వారి దృష్టిలో దోషం కాదు, అక్కడే ఆగిపోవడం దోషం. ధారణను నిందించే నేటి విమర్శకులూ, ధారణతోనే తృప్తిపడే అధ్యేతలూ ఈ భేదాన్ని సమానంగానే విస్మరిస్తున్నారు.

స్మృతి దేహాశ్రితమన్న విషయాన్ని ఛాందోగ్యోపనిషత్తు ప్రత్యక్షప్రయోగంతో నిరూపించింది. శ్వేతకేతువు 12వ ఏట గురుకులానికి వెళ్లి, కైశోరంలో మిగిలిన భాగమంతా అక్కడే గడిపి, 24వ ఏట సర్వవేదాలు చదివిన గర్వంతో తిరిగివచ్చాడు. తండ్రి ఉద్దాలకుడు అతనిని 15 దినాలు కేవలం జలపానంతో ఉండమన్నాడు. ఆ తరువాత ఋక్కులు, యజుస్సులు, సామాలు చెప్పమంటే ఒక్కటీ స్ఫురించలేదు. మహాగ్నిలో మిణుగురంత నిప్పుకణమే మిగిలితే అది ఎంత దహించగలదని తండ్రి అడిగి, భుజించి రమ్మని పంపాడు. శ్వేతకేతువు అన్నం తిని వచ్చాడు. తండ్రి అడిగిన ప్రతిదానికీ సమాధానం చెప్పాడు.