బుర్బోను దీవిలో తెలింగాలు



యానామను పేరు వినగానే గోదావరి సీమలోని మనకు రెండు సంగతులు జ్ఞప్తికి వచ్చును. 1930లో శారదా చట్టము అమలులోనికి వచ్చినపుడు, పసిబిడ్డలకు పెండ్లిండ్లు చేయగోరినవారు మేళతాళములతో అచ్చటికి పరుగెత్తిన సంగతి మొదటిది. అది ఫ్రెంచివారి నేల యగుటచే ఇంగ్లీషువారి చట్టము అచ్చట చెల్లలేదు. రెండవది చౌకగా దొరకు మద్యము సంగతి. దానిని గూర్చి మీకు నేను చెప్పవలసిన పనిలేదు. మీ యూరి కుఱ్ఱవాండ్రే చెప్పగలరు. మూడవ సంగతి యొకటి కలదు. అది మన జ్ఞాపకములో లేదు.

నేను ముప్పదియేండ్లు యానామునకు నాలుగు క్రోసుల దూరమున బడిపంతులుగా నుంటిని. పిల్లలకు చరిత్ర చెప్పితిని. డూప్లేను చెప్పితిని, బుస్సీని చెప్పితిని. వారి యుద్ధముల తేదీలు తప్పు చెప్పిన పిల్లవానిని బల్లయెక్కించితిని. కాని యీ మూడవ సంగతి నాకే తెలియదు. దానిని తుదకు నేను తెలిసికొన్నది గ్రంథాలయమున కాదు, ఒక సారాబట్టీలో. సిగ్గుపడుచునే చెప్పుచున్నాను.

మా అల్లుడు ఫ్రాన్సులో ఉద్యోగి. గడచిన శ్రావణమాసమున సెలవులకని రెయూనియను అను దీవికి పోవుచు నన్నును వెంట గొనిపోయెను. అది హిందూమహాసముద్రమున, మడగాస్కరునకు తూర్పున సుమారు 700 కిలోమీటర్ల దూరమున నున్నది. వైశాల్యము 2,500 చదరపు కిలోమీటర్లకు కొంచెము మించును. జనసంఖ్య తొమ్మిది లక్షలకు దగ్గర. 1946 మొదలు అది ఫ్రాన్సు దేశమున కొక జిల్లావంటిది. పూర్వము దాని పేరు బుర్బోను. పారిసులో రాజులు మారినపుడెల్ల దీని పేరును మారుచు వచ్చి, 1848లో ఇప్పటి పేరు నిలిచినది. పదునేడవ శతాబ్దమువరకు అచ్చట కాపురమున్న మనుష్యుడు లేడు. కావున నేడక్కడ నున్న ప్రతివాడును ఏదో యొక రేవున ఓడ దిగినవాని సంతతియే.

మేము పోయినది చెరకు నరకు కాలము. తూర్పు తీరమున సెంతాంద్రే అను నూరికడ గొప్ప చక్కెర మిల్లును, దాని నానుకొని రమ్ము తీయు బట్టీయు కలవు. దీవిలో నొకప్పుడు వందకు పైగా నుండిన చక్కెర మిల్లులలో నేడు మిగిలినవి రెండే. ఇది వానిలో నొకటి. లారీలు చెరకును తెచ్చి గుట్టలుగా పోయుచుండెను. రసము పిండి, కాచి, చక్కెర పలుకును తీసినపిదప నల్లని మడ్డి మిగులును. ఆ మడ్డిని నీటితో పలుచన చేసి, పులియబెట్టి, ఆవిరిగా లేపి చల్లార్చినది రమ్ము. మడ్డితో పనిలేక నేరుగా చెరకు రసమునే పులియబెట్టి తీయుట మఱొక పద్ధతి. తీసినది నీటివలె తెల్లగా నుండును. ఓకుకఱ్ఱ పీపాలలో కనీసము మూడేండ్లు నిలువయుంచినపుడే దానికి తేనెవన్నెయు, పాతరమ్మను గౌరవమును వచ్చును. ఆ యెండదేశమున పీపాలలోనిది ఏటేట కొంత ఆవిరియై తరిగిపోవును. దానిని దేవదూతల భాగమని వారందురు. మన కొట్లలో ఎలుకల భాగమువంటిదే గాని, పేరు ఘనముగా నున్నది.

మా పండితులకు రమ్ము క్రొత్త వస్తువు కాదు. మనుధర్మశాస్త్రము నిషేధించిన సుర మూడు విధములు: గౌడి, పైష్టి, మాధ్వి. గుడమనగా బెల్లము, బెల్లముతో దింపినది గౌడి. పేరు మారినను, పీపాలలో బోసినను, రమ్ము గౌడియే. అంతేకాదు, ఫ్రెంచివారు చక్కెరకు వాడు సూక్రు అను మాటయు మన శర్కరయే. పారసీకుల నోట, అరబ్బుల నోట పడి, అరగి యరగి వారిని చేరినది. చెరకును పలుకుగట్టించు విద్యను ప్రపంచమునకు నేర్పినది మన దేశము. ఆ విద్య ఏయే రూపములలో మన యిండ్లకు తిరిగి వచ్చినదో ముందు చూతము.

బట్టీ చూపు యువకుడు చిన్న గాజు గిన్నెలలో రమ్ము పోసి యందఱికి నిచ్చెను. ప్రక్కన బల్లపై మన ఆవకాయ జాడీలవలె పెద్ద సీసాలు వరుసగా నుండెను. వానిలో వెనీలా కాయలు, లిచ్చి పండ్లు, ఏవో ఆకులు రమ్ములో నూరుచుండెను. నేను గిన్నెను చేతబట్టుకొని చాలసేపు నిలిచితిని. ముక్కుకడకు తెచ్చితిని. పుష్యమాసమున మా యూరి చెరకు గానుగకడ పెనములో పాకము దిగు వేళ తెట్టు తీయునపుడు వచ్చు వాసన యది, తప్పులేదు. ఆ వాసనయే నన్ను మోసగించినది. నాలుక కొసకు ఒక్క చుక్క తగిలించితిని. మంట, ఆపై తీపి కాని తీపి. ప్రాయశ్చిత్తము సంగతి నేను చూచుకొందును. విన్నవారు మా యూరి పురోహితులకు చెప్పకుందురు గాక!

ఆ యువకుడు నా పంచెకట్టును చూచి, ఎచ్చటివారని యడిగెను. అల్లుడు యానాము పేరు చెప్పెను. "అట్లయిన మీరు తెలింగాలు! ఈ దీవికి ఒడంబడికపై మొదట వచ్చిన కూలీలు మీవారే" అని యాతడనెను. మా అల్లుడు ఆ మాటను నాకు తెనిగించి చెప్పునప్పటికి నా చేతిలోని గిన్నె వణకెను. రమ్ము వలన కాదు.

ఆ రాత్రి అల్లునిచేత చరిత్ర గ్రంథములు చదివించుకొని వింటిని. సంగతి యిది. బుర్బోను మొదట కాఫీ దీవి. 1806, 1807 సంవత్సరములలో గాలివానలు కాఫీతోటలను నాశనము చేసెను. అటుపిమ్మట తోటల యజమానులు చెరకుపై బడిరి. ఆవిరితో నడచు గానుగలు వచ్చినవి. చెరకునకు చేతులు కావలెను. మడగాస్కరునుండియు, తూర్పు ఆఫ్రికానుండియు మనుష్యులను పట్టితెచ్చి బానిసలుగా వాడుకొనుచున్న కాలమది. బానిసల వర్తకమును ఫ్రాన్సు నిషేధించెను. దొంగచాటుగా కొన్నాళ్లు సాగినను, అది యెల్లకాలము సాగదని యజమానులకు తెలిసెను. అపుడు వారి చూపు యానాముపై బడినది. 1828లో టుర్క్వాజు అను ఓడ పదునైదుగురు తెలింగాలను యానామునుండి గొనిపోయి బుర్బోనులో దింపెను. 1830 నాటికి అట్లు పోయినవారు సుమారు మూడువేలు.

వారేల పోయిరి? ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది 1852లో. మనము చెప్పుకొనుచున్నది అంతకు ఇరువదినాలుగేండ్ల ముందుమాట. ఆ నాటి గోదావరి సీమ నేటి పచ్చని సీమ కాదు. ఏరు పొంగిన ముంపు, పొంగకున్న కఱవు. మన నేతగుడ్డలకు సీమలో గిరాకి పడిపోయి మగ్గములు మూలబడుచున్న దినములును అవియే. పదునైదుగురిలో కూడు లేక పోయినవారెందఱో, మాటలు నమ్మి పోయినవారెందఱో లెక్క చెప్పువారు లేరు. మా నాయనమ్మ కనబడకుండపోయిన మనిషిని గూర్చి "దీవాంతరము పోయినాడు" అనెడిది. అది తిట్టని చిన్నతనమున తలచితిని.

అచ్చట వారికి జరిగినది మేలు కాదు. కాగితముపై వారు కూలీలు. తోటలో వారిపై మేస్త్రీయైనవానికి బానిసలను తోలుటయే తెలిసిన విద్య. ఆ మొదటి ప్రయత్నము కొలది యేండ్లకే చెడినది. కాని దారి తెలిసినది. 1848 డిసెంబరు 20వ తేదీన అచ్చట బానిసత్వము రద్దయ్యెను. అఱువదివేలమందికి పైగా ఒక్కదినమున స్వతంత్రులైరి. యజమానులకు సర్కారు నష్టపరిహార మిచ్చెను. బానిసలకు ఏమియు నీయలేదు. ఇది చదువునపుడు మా అల్లుడు రెండుమారులు చదివెను, నేను తప్పు వింటినేమో యని. విడుదలయైనవారు పలువురు చెరకుతోటల ముఖము చూడనొల్లరైరి. అపుడు మరల ఓడలు పుదుచ్చేరికి, కారైకాలునకు, యానామునకు వచ్చినవి. 1860లో ఇంగ్లీషు సర్కారు ఫ్రెంచివారితో ఒడంబడిక చేసికొని తన యేలుబడిలోనివారిని కూడ కూలికి గొనిపోనిచ్చెను. కూలీల పాట్లు మితిమీరుటచే 1882లో ఆ యనుమతిని ఆపివేసెను. ఈ మధ్యకాలమున మన దేశమునుండి ఆ దీవికి పోయినవారు లక్షకు పైచిలుకు.

వారు దిగిన చోటును చూచితిని. గ్రాండు షలూపు అని, కొండకును సముద్రమునకును నడుమ ఇఱుకైన లోయ. ఓడలో రోగములు వచ్చినవేమో యని కూలీలను కొన్నాళ్లు నిర్బంధించియుంచిన రాతి కొట్టములు నేడును నిలిచియున్నవి. ఇపుడది ప్రదర్శనశాల. నల్లరాళ్ల గట్టుపై అలలు కొట్టుకొనుచుండెను. వేఱు చప్పుడు లేదు.

పోయినవారిలో అరవవా రెక్కువ. తెలుగువా రొక పాలు. కాని దీవివాండ్రకు ఆ భేదము పట్టలేదు. దక్షిణదేశపు హిందువు లందఱికి మల్బారులని యొకే పేరు పెట్టిరి. మలబారునుండి వచ్చినవారు వారిలో నెందఱు? చాల తక్కువ. తప్పు పేరే యైనను అది స్థిరమై, తెలింగా అను మాట పాత కాగితములలో మిగిలిపోయినది. భాషలును పోయినవి. తెలుగు ముందు పోయినది. అరవము గుళ్లలో మంత్రముగా మిగిలినది. పండ్యాలే అను దేవతకు అచ్చటివారు నిప్పులు త్రొక్కుదురు. ఆమె యెవరని యడిగితిని. పాంచాలి, మన ద్రౌపది! కొన్ని క్షుద్రదేవతల పూజలలో రమ్ము కూడ నైవేద్యమట. మన గ్రామదేవతల కొలువులు చూచినవారికి ఇది వింతగా తోచదు.

ఇక కడపటి దినపు మాట. దీవి నడుమ రెండు అగ్నిపర్వతముల మధ్య ఎత్తయిన మైదాన మొకటి కలదు. దానిని కాఫ్రుల మైదానమందురు. పూర్వము బానిసలు తోటలనుండి పాఱిపోయి ఆ చలిలో తలదాచుకొన్న చోటు. తీరమునుండి వచ్చు రోడ్డుపై కిలోమీటర్ల లెక్కయే అచ్చటి పల్లెల పేరు: ఇరువదిమూడవది, ఇరువదియేడవది అని. ఎల్లెడల పచ్చిక, ఆవులు. మన శ్రావణము వారికి చలికాలము. శాలువ కప్పుకొన్నను వణకితిని. అచ్చట నొక యింటియొద్ద చీజు చేసి యమ్ముచుండిరి. దానిని మనవారు జున్ననుట సరికాదు, జున్ను ముఱ్ఱుపాలది. మన శ్రౌతులకు దీనికి సరియైన పేరు తెలియును. కాగిన పాలలో పుల్లని పెరుగు వేసి విఱుగగొట్టగా గట్టిపడినది ఆమిక్ష, తేరిన నీరు వాజినము. చాతుర్మాస్యములలో విశ్వేదేవతలకు హవిస్సు. కావున రమ్ముకడ జంకినట్లు ఇచ్చట జంకలేదు. పసుపును మిరియములును కలిపిన ముక్క నొకదానిని నిర్భయముగా నోట వేసికొంటిని. బాగున్నది. రెండవదియు తింటిని.

తరువాత, బడిపంతులను గాన, పాలు దేనితో విఱుచుదురని యడిగితిని. ఆ యింటి యామె దాచకుండ చెప్పెను: పాలుదాగు లేగదూడ కడుపులోని రసముతో. పెద్దలారా, గౌడిని ఒక్క చుక్కకు భయపడితిని. ఆమిక్షయని నమ్మి దీనిని రెండు ముక్కలు తింటిని. నా మొగము చూచి ఆమెయు నొచ్చుకొనెను. ఆమెయు మల్బారుల యాడపడుచే, గోమాంసము ముట్టదట. ఇన్నాళ్లు ఈ సంగతి తలచి చూడలేదని, చేతిలోని కత్తిని బల్లపై పెట్టెను.

మాటలలో మా యూరి సంగతి వచ్చినది. ఆమె లోనికి పోయి ఒక కాగితము తెచ్చెను. ఆమె ముత్తాత తండ్రిని కూలికి దింపుకొన్నప్పటి సర్కారు చిట్టా నకలది. వరుస సంఖ్య, వయస్సు, ఓడ పేరు, రేవు పేరు. రేవు పేరు నా అల్లుడు వేలుపెట్టి చూపెను. యనాఓను అని ఫ్రెంచి యక్షరములలో నుండెను. అది యే దేశములో నున్నదో ఆమెకు తెలియదు. పుదుచ్చేరి ప్రక్కన ననుకొన్నదట. గౌతమీపాయ ఒడ్డున, కోరంగికి సమీపమున, నా బడికి నాలుగు క్రోసుల దూరమున నున్నదని చెప్పితిని.

ఆ పేరును మీరు ఎట్లు పలుకుదురని యడిగెను. యానాము అంటిని. ఆమె మూడుమారులు పలికెను. మూడవమారు సరిగా వచ్చినది. చీజు చుట్టు కాగితపు ముక్కపై తెలుగు లిపిలో పెద్దయక్షరములతో వ్రాసి యిమ్మనెను. మొదటి తరగతి పిల్లలకు వ్రాసినట్లు గుండ్రముగా వ్రాసి యిచ్చితిని. ఆమె దానిని ఆ నకలుతో కలిపి మడిచిపెట్టుకొని, మేము తిన్న రెండు ముక్కలకు డబ్బు పుచ్చుకొనలేదు.