పాత మారుతి 800 కొనేముందు...

1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 ఉత్పత్తి 2014 జనవరిలో ఆగిపోయింది. తక్కువ ధరలో చిన్న కారు కోరుకునేవారు నేటికీ దాని గురించి వాకబు చేస్తుంటారు. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్ నిర్మాణం సరళమైనది. అది మొరాయించినా బాగుచేయించుకోవచ్చు. అసలు భయం తుప్పుతోనే. మ్యాట్లు ఎత్తి నేల రేకును, తలుపుల అడుగు అంచులను తట్టి చూడాలి. ఉప్పుగాలి తగిలే తీరప్రాంతాల్లో తిరిగిన బండైతే పైరంగు మెరుపును నమ్మరాదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. నీలిపొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ మండుతున్నట్లే.

పత్రాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. 2014లో నమోదైన కారుకైనా 2029తో అది ముగుస్తుంది. ఆపై ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. ఈ రుసుము 2022 ఏప్రిల్‌లో రూ.600 నుంచి రూ.5,000కు పెరిగింది. గడువు దాటిన బండి బేరంలో ఈ ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగడం న్యాయమే. ఆర్‌సీలో ఫైనాన్స్ సంస్థ పేరుంటే, అది తొలగించిన తరువాతే సొమ్ము చెల్లించాలి. ఎయిర్‌బ్యాగులు లేని ఈ కారు ఊళ్లో పనులకు సరిపోతుంది గానీ, కుటుంబంతో జాతీయ రహదారిపై దూరప్రయాణాలకు తగదు.